వేడి ముద్ద

లాండూకి కోపం వస్తే కిముంబాలో రోకళ్ళు ఆగిపోతాయని చెప్పుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె గొంతు ఊరి మొదట్లో లేస్తే ఊరి చివర కర్రపెండలం దంచుకుంటున్న ఆడవాళ్ళు రోకలి ఎత్తినది ఎత్తినట్టే పట్టుకుని చెవులు రిక్కిస్తారు. ఏళ్ళ తరబడి సంతలో చిక్వంగాలు అమ్మిన గొంతు అది. దుంపపిండి ఆకుల్లో చుట్టి ఉడికించిన ఆ చిక్వంగాలు మెత్తగా ఉంటాయి గానీ అమ్మే మనిషి మెత్తన కాదు. "దాని నోట్లో నోరు పెట్టకండిరా" అని మగవాళ్ళు కూడా పక్కకి తప్పుకుంటారు.

ఆమెకి అంత కోపం ఎక్కడినుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. అడగక్కర్లేదు, అందరికీ తెలుసు. తెలిసి ఊరుకోవడంలో మన ఊరిని మించిన ఊరు క్వీలూ నది పొడవునా ఇంకోటి లేదు.

యుద్ధం వచ్చిన ఏడాది లాండూకి నిద్రజబ్బు చేసింది. అప్పటికామె ఇంకా చిన్నపిల్లే, చంకలో కూతురు ఒడీల్. ఆ రోజుల్లో ఇంటికొకరు పడ్డారు. వాగు మడుగుల్లో దుంపలు నానబెట్టడానికి ఆడవాళ్ళు మోకాలిలోతు నీళ్ళలో వంగి ఉంటే ఈగలొచ్చి వీపు మీదా పిక్కల మీదా కుట్టేవి. కుట్టినప్పుడు చురుక్కుమంటుంది, అంతే. నెలలు గడిచాక గానీ జబ్బు పైకి తేలదు. లాండూనీ, పక్కింటి మటోండోనీ ఒకే పడవలో ఎక్కించి ఎక్కడో దూరాన ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇద్దరికీ ఒకే గదిలో పక్కపక్కన చాపలు.

అప్పటి మందు నరంలోకి ఎక్కిస్తుంటే చెయ్యంతా కారం పూసినట్టు మండేది. ఒక విడత సూదులయ్యాక ఇంటికి పంపి, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ రమ్మనేవాళ్ళు. పంపేటప్పుడు తెల్ల అంగీలో ఉన్న ఎవరో ఏదో చెప్పారు. సరిగ్గా ఏం చెప్పారో ఈ రోజుకీ తేలలేదు. సారా ముట్టొద్దు, ఒళ్ళు అలవనివ్వొద్దు అన్నారేమో. ఆ మాట పడవ దిగేసరికి రెండింతలైంది, ఊరు చేరేసరికి చట్టమై కూర్చుంది. ఆరునెలల పాటు ఎండ ముఖం చూడకూడదు, వేడిది తినకూడదు, రోకలి పట్టకూడదు, మొగుడి పక్కన పడుకోకూడదు. తప్పితే మందు తలకెక్కి చస్తారు.

మటోండో చచ్చిపోయింది. మొదటి విడత సూదులయ్యి ఇంటికొచ్చిన కొద్ది రోజులకే కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నురగలు కక్కి, పొద్దు వాలకముందే పోయింది. శవం ఇంట్లో ఉండగానే ఊరు తీర్పు చెప్పేసింది. "గస్పార్ ఆగలేకపోయాడు" అన్నారు కొందరు. "వాడేం చేస్తాడు, అదే ఆగలేదు. పైగా వేడి ముద్ద మింగిందట" అన్నారు ఇంకొందరు. గస్పార్ తల్లి మీద ఒట్టేశాడు, దేవుడి మీద ఒట్టేశాడు. ఎంత ఒట్టేస్తే అంత నవ్వారు. చివరికి అతను వాగు అవతల గుడిసె వేసుకుని కల్లు గీసుకుంటూ బతికాడు. అతని సొరబుర్రలో కల్లు మాత్రం ఊళ్ళో ఒక్కరు ముట్టలేదు. పెళ్ళాన్ని తిన్న చేతి కల్లు అని దానికి పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలోనూ మన ఊరికి సాటి లేదు.

లాండూ అన్ని నియమాలూ పాటించింది. చీకటి గదిలో కూర్చుని చల్లారిపోయిన ముద్ద నీళ్ళతో మింగింది. ఆమె మొగుడు మూడు నెలలు ఓపిక పట్టాడు. తర్వాత "రోకలి పట్టే మనిషి కావాలి కదా" అని ఒకదాన్ని తీసుకొచ్చాడు. ఆ గదిలోంచే లాండూ తన రోట్లో, తన రోకలితో ఇంకొకతె దంచుతున్న చప్పుడు వింది. ఆరునెలలు నిండి బయటికొచ్చేసరికి రోలు ఆమెది కాదు, వాకిలి ఆమెది కాదు, మొగుడు అసలే ఆమెవాడు కాదు. పిల్లని చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది.

ఊరికి ఇదంతా భలే పనికొచ్చింది. నియమం తప్పిన మటోండో చచ్చింది, నియమం నిలిపిన లాండూ బతికింది. ఒకరి చావుని ఒక గుంజగా, ఇంకొకరి బతుకుని ఇంకో గుంజగా పాతి దాని మీద ఆ చట్టాన్ని ఇన్నేళ్ళు నిలబెట్టారు. "లాండూని చూడండే, ఎంత నిష్ఠగా ఉందో" అని తల్లులు కూతుళ్ళకి చెబుతుంటే ఆమెకి ఒళ్ళు మండిపోయేది. ఆ నిష్ఠతో ఏం దక్కిందో కూతురికి ఆమే చెప్పేది. పొయ్యి దగ్గర, వాగు దగ్గర, చిక్వంగాలు చుడుతున్నప్పుడు, అదే పాట. "ఆరునెలల్లో మీ నాన్న పోయాడే. ఆరునెలలంటే ఆడదాని కాపురం అంతే."

ఆ పాట వింటూ పెరిగిన ఒడీల్‌ని నది అవతల మసాంబాకి ఇచ్చింది. అల్లుడు క్రిస్పిన్ చేపలు పడతాడు. కుర్రాడు మంచివాడే గానీ తల్లి దగ్గర నోరు లేవదు. ఆ తల్లి బెర్నదెత్ దగ్గర్నుంచి ఈ వానాకాలం మొదట్లో కబురొచ్చింది. పగలు పడుకుంటోంది, రాత్రుళ్ళు తిరుగుతోంది, కూర మాడినా లేవదు, పని నేర్పకుండా పంపావు, తీసుకెళ్ళి నేర్పించి పంపు అని.

లాండూ గంప దించి పడవెక్కింది.

ఆమె వెళ్ళేసరికి ఒడీల్ రోటి పక్కన కూర్చుని, రెండు చేతులా రోకలి పట్టుకుని, దానికి చెంప ఆనించి నిద్రపోతోంది. పిండిలో కోళ్ళు పడి తింటున్నాయి.

"వచ్చావా వదినా?" బెర్నదెత్ ఇంట్లోంచి బయటికొచ్చింది. "చూసుకో, నీ ముద్దుల కూతురు. రాణీగారు సింహాసనం మీదే పవళించారు."

"ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?"

"పుట్టినప్పట్నుంచేమో, నన్నడుగుతావేం? కన్నది నువ్వు."

ఒడీల్ కళ్ళు తెరిచి తల్లిని చూసి నవ్వింది. ఆ నవ్వు ఆగాల్సిన చోట ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ ఒళ్ళంతా గీరుకుంది, చివరికి "నా రోకలి లాక్కోవడానికి వచ్చావా?" అని తల్లిని కొట్టబోయింది. లాండూ కూతుర్ని దగ్గరికి తీసుకుని తలగుడ్డ సర్దుతున్నట్టు మెడ వెనక చెయ్యి పెట్టింది. చర్మం కింద చిక్కుడు గింజల్లా గడ్డలు జారాయి. ఒకప్పుడు తన మెడ మీద తన వేళ్ళకి తగిలిన గింజలే.

"వదినా, దీని మెడ చూశావా?"

బెర్నదెత్ కోడిని అదిలించింది. ఇంకో కోడిని అదిలించింది. ఆవిడ మొహం ఎటు తిప్పుతోందో చూస్తే లాండూకి అర్థమైపోయింది.

"నీకు తెలుసు," అంది.

"నాకేం తెలీదు. తెలుసుకోను కూడా."

"వదినా!"

"అరవకు. నీకు తెలీదా ఏం, అది నోటితో అంటే ఏమవుతుందో? ఆరునెలలు. నాకున్నది ఒకే ఒక్క కోడలు. దుంపలెవరు దంచుతారు, నా నడుమా? వాడు పడుచువాడు, ఆరునెలలు గోడని చూస్తూ పడుకుంటాడా? బద్ధకమనుకుంటే నాలుగు తిట్లతో పోతుంది."

"తిట్లతో పోదు, గోతిలోకి పోతుంది! చచ్చిపోతోందే అది నీ వాకిట్లో!"

"నువ్వు పోయావా? లేదు కదా. నీ మొగుడు మాత్రం ఇంకోదానితో పోయాడు. నా కొడుకూ మొగుడే కదా, వాడి సంగతి నేను చూసుకోవద్దా?"

లాండూకి ఆ క్షణాన బెర్నదెత్ జుట్టు పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే కూతురు అక్కడే ఉండిపోతుంది. అందుకని జీవితంలో మొదటిసారి కోపం దిగమింగి, "సరే వదినా, పని నేర్పించమన్నావుగా, తీసుకెళ్ళి నేర్పిస్తాను" అని ఒడీల్ చెయ్యి పట్టుకుని రేవుకి నడిచింది. క్రిస్పిన్ పడవ దాకా వచ్చి నిలబడ్డాడు. ఏదో అనబోయి వల చిక్కులు తీసుకుంటూ ఉండిపోయాడు.

నది నడిమధ్యలో ఒడీల్‌కి కాసేపు తెలివొచ్చింది. ఆ జబ్బు అంతే, మబ్బులో ఎండలా మధ్యమధ్యలో మనిషి బయటికొస్తుంది.

"నాకున్నదేంటో నాకు తెలుసమ్మా," అంది. "కిందటేడు రక్తం చూసేవాళ్ళ బండి మా ఊరొచ్చింది. నేను తోటలో దాక్కున్నాను."

"దాక్కున్నావా? ఎందుకే?"

"నువ్వే చెప్పావుగా, ఆరునెలల్లో నాన్న పోయాడని. నాకు క్రిస్పిన్ కావాలమ్మా."

పడవ నడిపేవాడు తర్వాత ఊళ్ళో అందరికీ చెప్పాడు, అక్కణ్ణుంచి ఒడ్డు చేరేదాకా లాండూ ఒక్క మాట మాట్లాడలేదంటే నమ్ముతారా అని.

రక్తం చూసేవాళ్ళ బండి ఆ వారమే కిముంబాకీ వచ్చింది. బడి వరండాలో బల్లలు వేశారు. ఏటేటా జరిగే తంతే. ఒకడు మెడలు తడుముతాడు, ఒకడు వేలు గుచ్చుతాడు, ఆ నెత్తుటి చుక్కని తెల్ల అట్ట మీద నీలం మందులో కలిపి ఊపుతారు. నీలం పొడి గడ్డకడితే అనుమానం. అనుమానం ఉన్నవాళ్ళ పేరు వరండాలోంచి గట్టిగా అరుస్తారు. వాళ్ళు వెళ్ళి ఊరందరి ఎదురుగా ఒక బల్ల మీద కూర్చోవాలి. కోడి దొంగని కూర్చోబెట్టినట్టు కూర్చోబెడతారు. ఎదురుగా చెట్ల కింద జనం వేరుశనగలు నములుతూ ఎవరు కూర్చున్నారో చూస్తారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చే మనుషులం మనం. మెడలో గింజ తగిలినవాళ్ళంతా బండి చప్పుడు వినగానే తోటలకి పరిగెత్తక ఏం చేస్తారు? బడి వెనక ఒక గది ఉంది, దానికి తలుపు కూడా ఉంది. అందులో కూర్చోబెట్టాలని ఇన్నేళ్ళలో ఒక్కడికి తోచలేదు.

ఒడీల్ పేరు అరిచారు. లాండూ కూతురి పక్కనే ఆ బల్ల మీద కూర్చుని చెట్ల కింద జనాన్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించింది. దాంతో సగంమంది లేచి వెళ్ళారు.

నర్సు ఇజిదోర్ ఒడీల్ మెడ గింజలోంచి సూదితో తడి తీసి గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చాలాసేపు చూశాడు. మనిషి భారీగా ఉంటాడు, ఎప్పుడూ చెమట తుడుచుకుంటూనే ఉంటాడు. "పురుగు ఉందమ్మా, కదులుతోంది" అన్నాడు. తర్వాత ఆ పిల్ల నడుములోంచి నీళ్ళు తీసి చూసి, జబ్బు తలకెక్కింది గానీ మరీ ముదరలేదు, మాత్రలతో పోతుందన్నాడు.

సరిగ్గా అప్పుడే బెర్నదెత్ దిగింది. వెనకాల క్రిస్పిన్. కబురు ఎవరు మోశారో ఆ దేవుడికే తెలియాలి.

"పని నేర్పిస్తానని తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెడతావా వదినా? నలుగురిలో మా ఇంటి పరువు తీస్తావా?" బెర్నదెత్ కోడలి చెయ్యి పట్టుకుంది. "లేవ్వే. పోదాం."

లాండూ ఇంకో చెయ్యి పట్టుకుంది. "లేస్తే నా శవం మీంచి లేవాలి."

"అయితే ఉంచుకో! ఆరునెలలూ నీ ఇంట్లోనే ఉంచుకో! తర్వాత మాకు మాత్రం పంపకు. నా కొడుక్కి ఇంకో పిల్ల దొరక్కపోదు."

ఇదివరకే ఒకసారి విన్న మాట అది. లాండూ ఇజిదోర్ వైపు తిరిగింది. "బాబూ, ఈ ఆరునెలల సంగతి నువ్వే చెప్పు ఈవిడకి."

ఇజిదోర్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఏ ఆరునెలలమ్మా?"

జనం ఫక్కున నవ్వారు. నర్సుకే తెలీదట అని. ఒక ముసలావిడ అన్నీ ఏకరువు పెట్టింది, ఎండ, వేడి, రోకలి, మొగుడు. ఇజిదోర్ నోరు తెరుచుకుని విన్నాడు.

"అవేమీ లేవండీ ఈ మాత్రలకి. ఎండలో తిరగొచ్చు, మొగుడూ పెళ్ళాల సంగతి వాళ్ళిష్టం. పది రోజులు వేసుకోవాలి, అంతే. ఉన్నది ఒకే ఒక్క నియమం. కడుపునిండా తిని, ఆ తిండి మీదే మాత్ర పడాలి. ఖాళీ కడుపున వేస్తే మాత్ర ఒంటికి పట్టదు, వేసినా వెయ్యనట్టే. అంచేత వేడివేడిగా నాలుగు ముద్దలు తినిపించండి."

"వేడి ముద్ద తినే కదయ్యా మటోండో చచ్చింది!" అని నాలుగు గొంతులు లేచాయి.

"మటోండో ఎవరు?"

చెప్పారు. ఎప్పుడు పోయిందో, ఎలా కొట్టుకుందో, మొగుడు ఏం చేశాడో, చెయ్యనిది కూడా చెప్పారు. ఇజిదోర్ తల అడ్డంగా ఊపాడు.

"ఆ మందు వేరు. అందులో ఉన్నది పాషాణం. ఇరవైమందికి ఎక్కిస్తే ఒకరు అలాగే కొట్టుకుని పోయేవారు. తిన్నా పోయేవారు, తినకపోయినా పోయేవారు. ముట్టుకున్నా, ముట్టుకోకపోయినా అంతే. ఆవిణ్ణి చంపింది మందమ్మా, మొగుడు కాదు."

ఎవరూ నవ్వలేదు. లాండూ నెమ్మదిగా లేచి నిలబడింది.

"ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"మాకా? మొదట్నుంచీ తెలుసు. చదువుకునేటప్పుడే చెప్పారు."

"ఆ మందు ఇప్పుడుందా?"

"లేదు లేదు. మానేసి పదేళ్ళు దాటింది."

"మరి మాకెవరు చెప్పారు?"

ఇజిదోర్ నవ్వడానికి ప్రయత్నించాడు. "ఎవరూ అడగలేదమ్మా. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా."

ఆ సామెత అతను ఇంకెవరి దగ్గరైనా అని ఉండాల్సింది.

"అడగందే పెట్టేదాన్నే అమ్మంటారయ్యా!" లాండూ గొంతు లేచింది. ఊరి చివర రోకళ్ళు ఆగాయి. "ఏటేటా వస్తారు. మా మెడలు పిసుకుతారు, మా వేళ్ళు పొడుస్తారు, మా నడుముల్లో నీళ్ళు తోడుతారు. మా ఒంట్లో పురుగు ఎటు పాకుతోందో మీకు తెలుసు. మా ఇళ్ళల్లో ఏం జరుగుతోందో తెలీదా? ఆ పిల్ల తోటలో ఎందుకు దాక్కుందో తెలీదా? పాషాణం ఎక్కించినవాళ్ళే పాషాణమని చెప్పి ఉంటే గస్పార్ ఊళ్ళో ఉండేవాడు. మానేసిన రోజున మానేశామని ఒక్కడొచ్చి చెప్పి ఉంటే ఎన్ని కాపురాలు నిలబడేవి! మందు మార్చారు సరే, మాట మార్చడానికి నోళ్ళు రాలేదా? మా నాన్న కూడా ఇంటి తాళం మార్చినప్పుడు ఇంట్లోవాళ్ళకి చెప్పేవాడయ్యా!"

ఇజిదోర్ తువ్వాలు మొహం మీదినుంచి తియ్యలేదు. "ఇక్కడ ఇంకా ఇలా నడుస్తోందని నాకు తెలీదమ్మా," అన్నాడు. తర్వాత, "తెలుసుకోవాల్సింది. తప్పే" అన్నాడు.

నిజమే, తప్పే. అతనొక్కడిది కాదు గనక ఎవరికీ శిక్ష పడని తప్పు.

బెర్నదెత్‌కి ఇదేమీ ఎక్కలేదు. ఉద్యోగస్తుల మాట బండెక్కి పోతుంది, చచ్చేది మనం అంటూ పడవ వైపు నడిచింది. కొంచెం దూరం వెళ్ళి వెనక్కి చూసింది. క్రిస్పిన్ కదల్లేదు. "నేను ఉంటానమ్మా" అన్నాడు, తన కాళ్ళ వంక చూసుకుంటూ. ఉన్నాడు గానీ పెళ్ళానికి దూరంగా, మామిడి మొద్దు మీద కూర్చున్నాడు. దగ్గరికి వెళితే తన వల్ల చస్తుందేమోనని అతనికీ భయమే.

మర్నాడు మధ్యాహ్నం లాండూ తన వాకిట్లో నడిమధ్యన, ఎండలో, చాప పరిచింది. కర్రపెండలం ముద్ద కెలికింది. అదే దుంప లేతాకు ఎర్రనూనెలో ఉడికించి, పొగచేప విరిచి వేసింది. కుండ మూత తీస్తే పొగ మొహాన కొట్టింది. ఇజిదోర్ మాత్రలు అరచేతిలో పట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. దడి చుట్టూ జనం. ముసలాళ్ళు ముందు వరసలో.

ఒడీల్ చాప మీద కూర్చుంది. చెయ్యి చాపలేదు.

"తిను తల్లీ."

"చల్లారనీ."

"చల్లారితే సగం కూడా తినవు. నాకు తెలుసు ఆ చల్ల ముద్ద గొంతు దిగదు. తిను."

"చల్ల చిక్వంగా పెట్టు."

పెట్టింది. ఒడీల్ కొన కొరికి పక్కన పెట్టేసింది. ఇజిదోర్ అది చాలదన్నాడు. లాండూ వేడి ముద్ద తుంచి నోటి దగ్గర పెట్టింది. ఒడీల్ దాన్ని విదిలించి కొట్టి, చాప చివరికి జరిగిపోయింది. కళ్ళు ఎటో తిరుగుతున్నాయి.

"నన్ను చంపాలని చూస్తున్నావు. మా అత్తా నువ్వూ కలిశారు. మటోండో చచ్చింది, నేనూ చస్తాను."

"చూశారా, పిల్లకే తెలుసు" అంది దడి దగ్గర ఎవరో.

ఇజిదోర్ నెమ్మదిగా చెప్పాడు. బండి ఇంకో ఊరికి వెళ్ళాలి. తను కావాలంటే ఈ పది రోజులూ ఇక్కడే ఉండిపోతాడు, రోజూ ఎదురుగా కూర్చుని వేయిస్తాడు. కానీ తిననిదే మాత్ర ఇవ్వడానికి లేదు. మొదలుపెట్టకపోతే మాత్రలు బండిలో వెళ్ళిపోతాయి. మళ్ళీ వచ్చేదాకా ఈ పిల్ల ఉండదు. చివరి మాట లాండూ చెవిలో చెప్పాడు.

లాండూ కుండకి మూత పెట్టి, కొంగు బిగించి, వాగు వైపు నడిచింది. దడి దగ్గరివాళ్ళు దారిచ్చారు. వాగు దాటుతుంటే ఎవరో వెనకనుంచి "అటెక్కడికే!" అన్నారు. మటోండోని పూడ్చిన తర్వాత లాండూ ఆ వాగు దాటలేదు. దాటాలని చాలాసార్లు అనుకుంది. ఊరు ఏమంటుందోనని దాటలేదు. అంత నోరున్న మనిషికి కూడా ఊరంటే భయమే. ఊరు పాడుగాను.

గస్పార్ గుడిసె ముందు కల్లుకత్తి నూరుకుంటున్నాడు. గెడ్డం నెరిసిపోయింది. ఆమెని చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"అన్నా," అంది లాండూ. "మటోండోని ఆ మందే చంపింది. ఆసుపత్రి మనిషే చెప్పాడు, ఊరందరి ఎదుటా. అందులో పాషాణం ఉందట. నీ తప్పు లేదు, దాని తప్పూ లేదు."

కత్తి రాయి మీద ఆగింది.

"ఇప్పుడు చెప్పారా," అన్నాడు.

"ఇప్పుడే చెప్పారు. నిన్న."

"నిన్న."

"నా కూతురు ముద్ద ముట్టట్లేదన్నా. మటోండోలా చస్తానంటోంది. నువ్వొచ్చి చెప్పాలి."

"నా మాట ఎవరు వింటారు చెల్లెమ్మా?"

"వినకపోతే నేను వినిపిస్తా. లే."

అతను వచ్చాడు. వాకిట్లోకి అడుగు పెడుతుంటే ముందు వరసలో ముసలాళ్ళు అంటువ్యాధిని చూసినట్టు వెనక్కి జరిగారు. వాళ్ళల్లో కొందరు ఒకప్పుడు అతని మీద ఉమ్మేసినవాళ్ళే. గస్పార్ ఎవరినీ చూడలేదు. చాప ముందు గొంతుకూర్చున్నాడు.

"అమ్మాయ్, నేను గస్పార్‌ని. మటోండో మొగుణ్ణి."

ఒడీల్ అతన్ని చూసింది. చిన్నప్పటినుంచీ కథల్లో విన్న మనిషి. భయంగానే చూసింది గానీ చూపు తిప్పుకోలేదు.

"మటోండో వేడి ముద్ద తినలేదమ్మా. తిందని ఊరన్నది. తినలేదు. ఆసుపత్రినుంచి వచ్చిన రోజునుంచీ అడిగింది. ఒళ్ళు చలేస్తోంది, ఒక్క ముద్ద వేడిగా పెట్టవయ్యా అంది. నేను కుండ దించి దానికి అందకుండా అటక మీద పెట్టేవాణ్ణి. చల్లారాక ఇచ్చేవాణ్ణి. ఏడ్చింది. చివరి రోజు పొద్దున కూడా అడిగింది. పెట్టలేదు. తల పగిలిపోతోంది, కాస్త నొక్కమంటే అది కూడా నొక్కలేదు. ముట్టుకోకూడదన్నారు కదా. చల్లటి ముద్ద తినే పోయిందమ్మా అది. నేను ఒక్క నియమం తప్పలేదు."

దడి దగ్గర ఒక ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. లాండూకి ఆవిడ మీద జాలి కలగలేదు. ఏడిచేదేదో అప్పుడే ఏడవాల్సింది.

ఒడీల్ కుండ వైపు చెయ్యి చాపింది. ముద్ద తుంచుతుంటే వేళ్ళు కాలాయి, ఊదుకుంది, కూరలో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకోటి తుంచింది. క్రిస్పిన్ మొద్దు మీదినుంచి లేచి వచ్చి చాప మీద, పెళ్ళాం భుజానికి భుజం తగిలేలా, అందరూ చూస్తుండగా కూర్చున్నాడు. చేప ముల్లు తీసి ఆమె పళ్ళెంలో పెట్టాడు. పళ్ళెం ఖాళీ అయ్యాక ఇజిదోర్ మాత్రలు ఆమె చేతిలో వేశాడు. ఒడీల్ మింగి, నోరు తెరిచి చూపించింది.

లాండూ ఇంకో పళ్ళెం తీసింది. కుండలో మిగిలిందంతా దాంట్లో వేసి గస్పార్ ముందు పెట్టింది. పొగలు పైకి లేస్తున్నాయి. అతను పళ్ళెం వంక చూస్తూ చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు.

"కాసేపు చల్లారనీ చెల్లెమ్మా," అన్నాడు.

"ఎందుకు?"

"అలవాటైపోయింది. ఆ రోజునుంచీ నేను వేడిది ముట్టలేదు. అది అడిగితే పెట్టలేదు కదా."

లాండూ అతని ఎదురుగా కూర్చుంది. ఊరందరికీ వినబడేలా అరవాలని గొంతు దాకా వచ్చిన మాటలు ఆ పూటకి అక్కడే ఆగిపోయాయి. ముద్ద తుంచి, కూరలో అద్ది, అతని చేతిలో పెట్టి, ఆ వేళ్ళు తన చేత్తోనే మూసింది.

"చల్లారనివ్వను," అంది. "ఇప్పుడే తిను అన్నా. వీళ్ళంతా చూస్తుండగా తిను."

గస్పార్ తిన్నాడు.